తిరుగు మ్యాచ్

రైల్వే జట్టు బిళ్ళను మేకు మీంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ అదే మేకుకి తగిలించాడాయన. తర్వాత ఉప్పు జట్టుది, ఆ తర్వాత గనుల జట్టుది. పొద్దున్న ఆఫీసుకి రాగానే బిళ్ళలన్నీ ఒకసారి తుడవందే ఆయనకి పని మీద చెయ్యి పోదు. సోడా మూత కంటే కాస్త పెద్ద రేకు బిళ్ళలు. ఒక్కోదానికి ఒక్కో రంగు, రంగు మీద జట్టు పేరు. రంగు వెలిసిన చోట ఆయనే సన్న కుంచె పెట్టి దిద్దుతాడు. చేతి వేళ్ళ కొసలు ఎప్పుడూ కాస్త తుప్పు రంగులో ఉంటాయి. అన్నం తినేముందు ఎంత తోమినా పోదు.

ఆ గది ఒకప్పుడు వలలూ, జెండా కర్రలూ, సున్నం బస్తాలూ పడేసిన కొట్టు. వాన పడితే ఇప్పటికీ తడిసిన తాడు వాసన వేస్తుంది. ఎడమ గోడ నిండా ఒక చెక్క పలక, దానికి ఎదురుగా కుడి గోడ నిండా ఇంకొకటి. ఎడమది సీజను మొదటి సగం, కుడిది రెండో సగం. పలక మీద వారానికొక నిలువు వరస, వరసలో జంటలు జంటలుగా మేకులు. జంటలో పై మేకుకున్న జట్టు సొంత మైదానంలో ఆడుతుంది. కింది మేకుకున్న జట్టు మూటాముల్లె సర్దుకుని బయల్దేరాలి. ఎడమ పలక మీద పైనున్నవాళ్ళు కుడి పలక మీద కిందికి దిగాలి. మీరొకసారి మా ఊరొస్తే మేమొకసారి మీ ఊరొస్తాం, అంతే. ఫుట్‌బాల్ లీగు నడిచేది ఆ ఒక్క న్యాయం మీద.

లీగులో అందరూ ఆయన్ని బిళ్ళలాయన అంటారు. వినపడేలాగే అంటారు, ఆయనా పలుకుతాడు. ఎడమ భుజం కంటే కుడి భుజం కాస్త ఎత్తు. ముప్ఫై ఏళ్ళకు పైగా కుడి చెయ్యి పైకెత్తి మేకులు అందుకుని అందుకుని ఒళ్ళు అటే ఒదిగిపోయింది. ఇంత చేసీ ఆయన మ్యాచ్ చూడడు. ఎవరు గెలిచారో ఎవరైనా చెబితే "అలాగా" అంటాడు. ఎవరు ఏ వారం ఎక్కడికి ప్రయాణం కట్టారన్నదొక్కటే ఆయనకి పట్టింది.

పట్టిక కట్టడం చూసేవాళ్ళకి పిల్లల ఆటలా ఉంటుంది. ఒక బిళ్ళను కదలకుండా మూలన ఉంచి, మిగతావాటిని గడియారం ముల్లు తిరిగే దిక్కున ఒక్కో మేకు జరుపుతూ పోతే చాలు, ప్రతి జట్టుకీ ప్రతి జట్టూ ఎదురుపడుతుంది. అది ఇప్పుడు టైపమ్మాయి ముందున్న కంప్యూటరే చిటికెలో చేసి ముసాయిదా ఇస్తుంది. అసలు తలనొప్పి ఆ తర్వాతే. మిల్లు జట్టుకీ రేవు జట్టుకీ కలిపి ఉన్నది ఒకటే మైదానం, కాబట్టి ఒకరు ఇంట్లో ఉంటే రెండోవారు బయటుండాలి. ఆ రెంటినీ ఆయన తోడికోడళ్ళు అంటాడు, ఒక పొయ్యి దగ్గర ఇద్దరూ నిలబడకూడదు. ఏ జట్టునీ వరసగా మూడు వారాలు బయట తిప్పకూడదు. దూరాభారపు ప్రయాణాలు చలి రోజుల్లో పడకూడదు. ఒకడి కోరిక తీరిస్తే పక్కవాడి మెడ బిగుస్తుంది. ఎవడి మెడా ఊపిరాడనంత బిగియకుండా చూడటమే ఆయన ఉద్యోగం.

"బాబాయ్, రైల్వే వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు," అంది తలుపు దగ్గర బల్ల మీంచి టైపమ్మాయి. "మైదానంలో కొత్త గడ్డి వేశారట. మొలిచేదాకా వాళ్ళని బయటే తిప్పమంటున్నారు."

"మొలిచేదాకా తిప్పితే ఇంటిదారి మర్చిపోతారు. రెండు వారాలు బయట. ఆ తర్వాత గడ్డయితే గడ్డి మీద, మట్టయితే మట్టి మీద ఆడమను."

"గనుల వాళ్ళేమో చలికాలంలో కొండ మీదికి పంపొద్దంటున్నారు."

"కొండని కిందికి దించి పెట్టమను."

"నిజంగానే అలా అననా?"

"అను. వాళ్ళు నవ్వడం మర్చిపోయి చాలా కాలమైంది పాపం, కిందటేడు కింది నుంచి రెండోవాళ్ళు."

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఎడమ చెయ్యి పొద్దుట్నుంచీ ఎవరిదో తెచ్చి అతికించినట్టు బరువుగా ఉంది. రాత్రి అటు తిరిగి పడుకున్నాననుకున్నాడు.

లీగు కార్యదర్శి తలుపు దగ్గరే నిలబడి లోపలికి తొంగి చూశాడు. "సాయంత్రానికి తేలిపోతుందా? రేపు అచ్చుకి వెళ్ళిపోవాలి. ఇప్పటికే అందరూ నా ప్రాణం తోడేస్తున్నారు."

"తేలుతుందండీ."

ఎడమ పలక మీద ఒక నిలువు వరసకేసి ఆయన కళ్ళు ఎత్తలేదు. వారం రోజులుగా ఆ వరస ముందు నిలబడవలసి వచ్చినప్పుడల్లా పక్క వరస చూస్తూ చేతి తడుముడుతోనే పని కానిస్తున్నాడు. ఆ వరసలో పై మేకుకి కొండ జట్టు, కింద మిల్లు జట్టు ఉన్నాయి. మిల్లు జట్టు కొండ మీదికి వెళ్ళాలి. పోవడానికొక రోజు, రావడానికొక రోజు. కూతురి కాన్పుకి డాక్టరమ్మ చెప్పిన వారం సరిగ్గా అదే. అల్లుడు మిల్లు జట్టులో రెండో గోలీ.

రెండో గోలీ అంటే ఆడేవాడు కాడు, గోలు కాసే మొదటి గోలీకి ఏదైనా అయితే ఆడేవాడు. సీజనంతా చేతులకి తొడుగులు వేసుకుని బెంచీ మీద కూర్చుంటాడు. కూర్చోడానికే అయినా వెళ్ళి తీరాలి. సెలవడిగితే క్లబ్బు వాళ్ళు ఇంకో రెండో గోలీని చూసుకుంటారు.

రెండేళ్ళ కిందట మొదటి కాన్పప్పుడూ అతను ఊళ్ళో లేడు. నొప్పులు ముందుగా వచ్చాయి. ఇంట్లో అమ్మాయి ఒక్కతే. ఫోన్ ముందు గదిలో, ఆమె స్నానాల గది గచ్చు మీద. పక్కింటావిడ బట్టలు తీసుకోడానికి డాబా ఎక్కి ఆ మూలుగు విని తలుపు పగలగొట్టించేసరికి అంతా అయిపోయింది. మగపిల్లవాడు. పేరు పెట్టే పనే పడలేదు.

కాబట్టి వారం కిందట అమ్మాయి వచ్చి, కుర్చీలో ఒద్దికగా కూర్చుని, "నాన్నా, ఆ ఒక్క వారం వాళ్ళకి ఇక్కడే మ్యాచ్ పెట్టు," అంటే ఆయన వెంటనే సరే అనవలసింది. అనలేదు. "చూస్తాను," అన్నాడు. ఆయన నోట చూస్తాను అంటే కాదని అర్థం. ఆ సంగతి ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి చెప్పనక్కర్లేదు.

పెళ్ళాం ఉన్న రోజుల్లోనూ ఇంతే. ఆవిడ ఒక్కసారి సముద్రం చూడాలంది. పట్టిక అయ్యాక అన్నాడు. కూతురు పుట్టినప్పుడు బిళ్ళలు జరుపుతున్నాడు, పట్టిక అయ్యాకే వెళ్ళి చూశాడు. "ఊరందరి ఆటలకీ మీ దగ్గర రోజు ఉంటుంది, నాకే ఉండదు," అనేది ఆవిడ, కోపంగా కాదు, కూర తరుగుతూ మామూలుగా. పట్టిక కట్టే నెలలోనే జ్వరం వచ్చి ఆవిడ పోయింది. కర్మకాండ అయిన మర్నాడే ఆయన ఈ గదిలో ఉన్నాడు. జనం రాతిగుండె అన్నారు. ఇంట్లో ఆవిడ చీర దండెం మీద ఉంది, ఆఫీసులో లేదు, అందుకని వచ్చాడు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

మధ్యాహ్నానికి ముందు కొండ మాష్టారు ఫోన్ చేశాడు. కొండ జట్టు వ్యవహారాలు చూసేది ఆయనే, బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. ఏటా ఒకసారి చేస్తాడు, ఏటా ఒకటే మాట.

"మూడు వారాలు వరసగా బయటికి తోలకు నాయనా. మా బస్సు సంగతి నీకు తెలుసు. డ్రైవరు నాకంటే ముసలాడు, బస్సు వాడికంటే ముసలిది."

"తోలనండీ."

"నువ్వు తోలవులే. నీ మీద భరోసాతోనే పిల్లల్ని ఎక్కిస్తున్నాను. ఉంటా మరి."

ఫోన్ పెట్టేసి ఆయన మళ్ళీ బిళ్ళల పనిలో పడ్డాడు.

భోజనాల వేళ దాటాక వాన పట్టుకుంది. క్లినిక్ నుంచి వస్తూ ఆఫీసు ముందు బస్టాపులో దిగుతానని అమ్మాయి పొద్దున్నే చెప్పింది. గొడుగు తేలేదాయన. తల మీద అట్ట ముక్క అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేసరికి గుంటలో మడమ దాకా దిగాడు. బస్టాపు రేకు కింద, బెంచీ చివర, బయటికి తెలుస్తున్న కడుపు మీద సంచీ పెట్టుకుని కూర్చుంది అమ్మాయి. ముఖం వాడి ఉంది. అచ్చం వాళ్ళమ్మలాగే కింది పెదవి పంటికింద పట్టుకుంది.

"ఏమంది డాక్టరమ్మ?"

"అదే వారం. ఈసారి ఆలస్యం చెయ్యకుండా ముందే వచ్చి చేరమంది. పక్కన మనిషి ఉండాలంది."

"నేనుంటాను కదమ్మా. మనింటికి వచ్చెయ్."

"నువ్వెప్పుడున్నావు నాన్నా ఇంట్లో?" నవ్వబోయింది, రాలేదు. "నాకు ఆయన కావాలి. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. స్నానాల గదిలోకి వెళ్తే తలుపు గడియ పెట్టుకోను, తెలుసా? పక్కింటావిడని గుమ్మంలో కూర్చోబెట్టి స్నానం చేస్తున్నాను. ఆవిడకీ విసుగొచ్చేసింది పాపం."

ఆయన చేతిలోని తడిసిన అట్ట ముక్కను మడిచాడు.

"మా ఆయన ఆడేదీ లేదు, చచ్చేదీ లేదు. బెంచీ మీద కూర్చోడానికి అంత దూరం. ఒక్క వారం నాన్నా. నీ చేతిలో పని."

"నా చేతిలో ఏముందమ్మా? ఒకటి కదిపితే పది కదులుతాయి. మిల్లుని ఇంట్లో పెడితే రేవుని బయటికి నెట్టాలి. కొండ వాళ్ళు మూడు వారాలు వరసగా రోడ్డు మీద పడతారు. వాళ్ళ బస్సు..."

"బస్సు," అంది అమ్మాయి.

వాన రేకు మీద దబదబా కొడుతోంది. ఒక బస్సు వచ్చి ఆగింది. ఆమెది కాదు, వెళ్ళిపోయింది.

"ఆ రోజు మ్యాచ్ కూడా నువ్వు పెట్టిందే కదా నాన్నా," అంది. నెమ్మదిగా అంది. నెపం వేసినట్టు కాదు, చిన్నప్పుడు లెక్క అర్థంకాక అడిగినట్టు.

ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆయనకి తెలుసు. అప్పట్లో ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు ఆఫీసు గదిలో తలుపేసుకుని, పలక మీద ఆ వరస ముందు నిలబడి, మిల్లు బిళ్ళను పైకీ కిందికీ మార్చి మార్చి చూశాడు. ఎంత తేలిగ్గా మారిందో. అయిపోయిన వారం, ఎలా తగిలిస్తే ఏం?

ఆమె బస్సు వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మెట్టు మీంచి వెనక్కి తిరిగి, "తడిసిపోయావు, తల తుడుచుకో," అంది.

"చూస్తాను," అన్నాడాయన. తల గురించి కాదు. ఆమె ఎలా తీసుకుందో, తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

గదికి వచ్చేసరికి ఒళ్ళంతా ముద్ద. బూట్లు నీళ్ళు కక్కుతున్నాయి. కిటికీ కింద, తెర వెనక, రెంటినీ పక్కపక్కన పెట్టి, పాత వార్తాపత్రిక చింపి ముద్దలు చేసి లోపలికి గట్టిగా కూరాడు. కూరేటప్పుడు వంగితే ఛాతీలో ఏదో కలుక్కుమంది. కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, మొహం అలా ఉందేం? టీ తెచ్చిపెట్టనా?"

"తే. అటునుంచటే కార్యదర్శిగారికి చెప్పు, దీపాలవేళకి టైపు మొదలెట్టొచ్చని."

ఆ పిల్ల వెళ్ళింది. గదిలో వాన చప్పుడు, తాడు వాసన.

ఒట్టికాళ్ళతో పీట ఎక్కి, వారం రోజులుగా చూడని ఆ వరసకి ఎదురుగా నిలబడ్డాడు. పై మేకు మీంచి కొండను తీశాడు. కింది మేకు మీంచి మిల్లును తీశాడు. రెండు బిళ్ళలూ అరచేతిలో ఒకదాన్నొకటి తగిలి చిన్న చప్పుడు చేశాయి. మిల్లును పైకి, కొండను కిందికి తగిలించాడు. తర్వాత అదే వరసలో రేవును పై నుంచి దించి, ఉప్పును ఎక్కించాడు. తోడికోడళ్ళలో ఒకరు ఇంట్లో, ఒకరు బయట. అక్కడికి సరి.

ఇప్పుడు పక్క వారాల్లో కొండ జట్టు ఎక్కడుందో చూశాడు. కింద, కింద, కింద. మూడూ కిందే. ఇన్నేళ్ళలో ఎవరికీ ఇలా చెయ్యలేదు. మాష్టారి గొంతు చెవిలో మోగింది. చెయ్యి ఆ బిళ్ళ దాకా వెళ్ళింది కూడా. కొండ దారి మలుపుల్లో ముసలి బస్సు కనపడింది, అద్దాలకి ముఖాలానించి నిద్రపోతున్న కుర్రాళ్ళు కనపడ్డారు. వాళ్ళకీ అమ్మలున్నారు. స్నానాల గది గచ్చు కనపడింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రేపు మాష్టారికి తనే ఫోన్ చేసి చీవాట్లు తింటాడు. ఎన్ని పెడితే అన్ని తింటాడు.

పీట దిగేటప్పటికి చెమటలు పట్టాయి. కానీ మనసులో ఎన్నడూ లేని తేలిక. ఈ సాయంత్రం తొందరగా వెళ్ళి అమ్మాయి ఇంటి తలుపు తట్టాలి. "పెట్టాను," అనాలి. చూస్తాను కాదు, పెట్టాను. అప్పుడు కూతురి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోబోయాడు. ఆ ముఖం సంతోషంగా ఉండగా చూసి చాలా కాలమైంది, సరిగ్గా గుర్తు రాలేదు.

ఇంకా సగం పనుంది. ఎడమ పలక మీద మార్చినవి కుడి పలక మీదా మార్చాలి. ఇక్కడ మిల్లు ఇంట్లో ఆడితే అక్కడ తిరుగు మ్యాచ్‌కి మిల్లు కొండెక్కాలి, ఉప్పు రేవుకి రావాలి. నాలుగు బిళ్ళలు, అంతే. గది దాటి అవతలి గోడ దాకా వెళ్ళాలి. మధ్యలో కుర్చీ ఉంది. ఎడమ చెయ్యి మరీ బరువెక్కింది. ఒక్క నిమిషం కూర్చుని లేద్దామనుకుని కూర్చున్నాడు. తల కుర్చీ వీపుకి ఆనించి, ఎదురుగా కుడి పలకను చూస్తూ, తియ్యవలసిన మేకుల్ని కళ్ళతోనే గుర్తుపెట్టుకున్నాడు.

టైపమ్మాయి టీ గ్లాసుతో వచ్చి, "లైటు వేసుకోవచ్చు కదా బాబాయ్," అంటూ మీట నొక్కింది. వెలుతురు పడినా ఆయన రెప్ప వెయ్యలేదు.

మర్నాడు కాక ఆ మర్నాడు, అన్నీ ముగిశాక, కార్యదర్శీ టైపమ్మాయీ ఆ గదిలో పలకల ముందు నిలబడ్డారు. అచ్చువాళ్ళు తొందరపెడుతున్నారు. ఆ పిల్ల కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. ఒక పలక చూసి, రెండో పలక చూసి, పేర్లు చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"సార్, మిల్లు వాళ్ళకి కొండ వాళ్ళతో మొదటి సగంలోనూ ఇక్కడే ఉంది, రెండో సగంలోనూ ఇక్కడే ఉంది."

"రెండుసార్లూ ఒక గడ్డ మీదే ఎలా కుదురుతుంది?"

"ఉప్పూ రేవూ కూడా అంతే. రెండుసార్లూ ఉప్పు వాళ్ళ దగ్గరే." ఆమె కంప్యూటర్లో ముసాయిదా తీసి చూసింది. "ఇందులో సరిగ్గానే ఉంది సార్. మిల్లు వాళ్ళు ముందు కొండ మీదికి వెళ్ళాలి. పైగా పలక మీద ఉన్నట్టు పెడితే కొండ వాళ్ళకి వరసగా మూడు బయటే పడుతున్నాయి. బాబాయ్ అలా చచ్చినా..." అని నాలిక్కరుచుకుంది.

కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే. "ఒంట్లో బాగోలేదు పాపం. ఇన్నేళ్ళలో ఒక్క బిళ్ళ తప్పు తగిలించని చెయ్యి, ఆఖరి పూట తడబడింది. నువ్వు సరిచేసెయ్యమ్మా. ఎవరికీ చెప్పకు. పోయినవాడి పని మీద మచ్చ పడకూడదు."

ఆ పిల్ల చెప్పులు విడిచి పీట ఎక్కింది. మిల్లును దించి, కొండను ఎక్కించింది. ఉప్పును దించి, రేవును ఎక్కించింది. ఒక్కొక్క బిళ్ళనీ తగిలించే ముందు ఆయన తుడిచినట్టే చున్నీ కొసతో తుడిచింది.

పట్టిక అచ్చయి వచ్చిన రోజున తండ్రి సామాను తీసుకెళ్ళడానికి అమ్మాయి వచ్చింది. అల్లుడు సాధన వదిలి రాలేకపోయాడు. టిఫిన్ డబ్బా, సొరుగులో మందు బిళ్ళలు, రంగుల కుంచెలు సంచీలో సర్ది ఇచ్చింది టైపమ్మాయి. ఇంకా సిరా వాసన పోని పట్టిక ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అమ్మాయి నిలబడే దాని మీద వేలు పెట్టి, వారాలు ఒక్కొక్కటీ దిగుతూ వెళ్ళి, ఒకచోట ఆగింది. వేలు అక్కడే ఉండిపోయింది.

"ఇది నాన్న కట్టిందేనా?"

టైపమ్మాయి గుండె నిండా ఊపిరి తీసుకుంది. ఇంతకంటే తను ఆయనకి చెయ్యగలిగింది ఏముంది?

"అంతా ఆయన చేతి పనే అక్కా. ఒక్క బిళ్ళ కూడా మేం కదపలేదు."

అమ్మాయి తలూపింది. పట్టికను రెండు మడతలు వేసి సంచీలో టిఫిన్ డబ్బా కింద పెట్టింది. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి గోడ మీద ఆనించుకుంటూ మెట్లు దిగింది. కింద రోడ్డు దాటి, బస్టాపులో, బెంచీ ఖాళీగానే ఉన్నా నిలబడే ఉండటం పైనుంచి చూసింది టైపమ్మాయి. తర్వాత బస్సు అడ్డం వచ్చింది.

కిటికీ మూసి, తెర సరిగ్గా లాగి, ఆ పిల్ల తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. తెర వెనక, గోడవారగా, పక్కపక్కన ఒద్దికగా పెట్టిన బూట్లు ఎవరి కంటా పడలేదు. లోపల కూరిన కాగితం తడంతా పీల్చుకుని, ఆరి, పాదం ఆకారంలోనే గట్టిపడిపోయి ఉంది.